పొన్నుకర్రతో ప్రపంచ యాత్ర: జేమ్స్ హోల్మన్ జీవితము

ఒకరి బ్రతుకు పూర్తిగా మరొకరి మీద ఆధారపడి ఉన్నప్పుడు మన తెలుగువారు 'అంధుని చేతికర్ర' అనే పోలికను వాడుతారు. మన పల్లెలలో ఆ చేతికర్రకు రెండు కొనలుంటాయి. వెనుక కొన చూపులేని పెద్దవారి చేతిలోను, ముందు కొన ఒక పసివాని చేతిలోను ఉంటుంది. తాత సంతకు పోవాలన్నా, మసీదుకు పోవాలన్నా, గుడికి పోవాలన్నా ఆ పసివాడు ముందు నడవవలసినదే. తాత క్షేమంగా చేరుతాడు. ఆ పూట బడిగంట మాత్రం మనుమడు లేకుండానే మ్రోగుతుంది. చూపులేనివారు తమంతట తాము నడవగలిగితే రెండు జీవితాలకు విముక్తి కలుగుతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. రెండువందల సంవత్సరాల క్రిందట, ముందు నడిచే చేయి లేకుండా భూగోళాన్ని చుట్టివచ్చిన ఒక అంధుని చరిత్రను విద్యార్థి మిత్రులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జేమ్స్ హోల్మన్ 1786వ సంవత్సరం అక్టోబరు 15వ తేదీన ఇంగ్లండులోని ఎక్సిటర్ నగరంలో జన్మించాడు. తండ్రి మందుల వ్యాపారి. హోల్మన్ పన్నెండవ ఏట, అనగా 1798లో, బ్రిటిష్ నౌకాదళంలో ప్రవేశించి 1807 నాటికి లెఫ్టినెంటు పదవికి ఎదిగాడు. అట్లాంటిక్ మహాసముద్రపు చలిగాలులలో పనిచేస్తుండగా ఆయనకు కీళ్ల జబ్బు సంక్రమించింది. మొదట కాళ్లను బాధించిన ఆ వ్యాధి తరువాత కన్నులకు సోకింది. ఇరువదియైదేండ్ల వయస్సులో ఆయనకు లోకం శాశ్వతంగా చీకటి అయిపోయింది.

ఆ కాలంలో చూపు కోల్పోయినవానికి రెండే దారులు కనిపించేవి: బంధువుల పంచన చేరడం, లేక బిచ్చమెత్తడం. హోల్మన్‌కు మూడవది లభించింది. 1812లో ఆయనను విండ్సర్ కోటలోని నౌకాదళ వీరుల ఆశ్రమంలో చేర్చుకున్నారు. ఉండడానికి గది, జీవితాంతం కొంత భృతి లభించాయి. ప్రార్థనా మందిరానికి హాజరు కావడం తప్ప అక్కడ చేయవలసిన పని లేదు. చాలామంది దానినే అదృష్టమని భావించి ఉండేవారు. కాని కూర్చున్నచోట కూర్చున్నకొలది ఆయన శరీరం క్రుంగిపోసాగింది. సెలవు పొంది ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్లి వైద్యాన్ని, సాహిత్యాన్ని అభ్యసించాడు. వెచ్చని దేశాలకు పోతే ఆరోగ్యం కుదుటపడుతుందని వైద్యులు సలహా ఇవ్వగా, 1819లో ఫ్రాన్సుకు బయలుదేరాడు. సేవకుని గాని, తోడును గాని వెంట తీసుకొనలేదు. ఫ్రెంచి భాష కూడా రాదు.

ఆయన వెంట ఉన్నది ఒక పొన్నుకర్ర. కర్ర కొనకు తొడిగిన లోహపు పొన్ను రాతిమీద పడితే ఒక ధ్వని, మట్టిమీద పడితే మరొక ధ్వని వస్తాయి. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఆ ధ్వని ఎదుటి గోడకు తగిలి తిరిగివస్తుంది. గోడ దగ్గరైతే వెంటనే, దూరమైతే కొంచెం ఆలస్యంగా వస్తుంది. సందు మొదలైన చోట తిరిగిరాకుండా పోతుంది. సాధన చేసిన చెవికి ఈ తేడాలన్నీ తెలుస్తాయి. మగ్గాల చప్పుడు వినిపించే ఉరవకొండ వీధులలో పెరిగిన వారికి ఈ విషయం వివరించనక్కరలేదు. కన్నులు మూసుకొని నడిచినా ఏ ఇంటి ముందు ఉన్నామో మగ్గం చప్పుడే చెబుతుంది. హోల్మన్ తన పాదాల క్రింది నేలను, తన చుట్టునున్న గోడలను ఆ విధంగానే చదువుకున్నాడు. మనం చేతికర్రను ఊతమని భావిస్తాము. ఆయన చేతిలో అది నేలను ప్రశ్నించే సాధనం. సమాధానం వినే పని చెవిది. ఎటు అడుగు వేయాలో నిర్ణయించే పని ఆయనది.

మొదటి యాత్ర ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లండు, జర్మను రాజ్యాలు, నెదర్లండ్సు మీదుగా 1821 వరకు సాగింది. బండిలో కూర్చొని విసుగు పుట్టినప్పుడు బండికి ఒక త్రాడు కట్టి, దాని కొన పట్టుకొని వెనుక నడిచేవాడు. ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతాన్ని కాలినడకన ఎక్కాడు. 1822లో ఆ యాత్రా వృత్తాంతాన్ని ప్రకటించాడు.

చూపులేనివాడు గ్రంథాన్ని ఎట్లు వ్రాశాడని సందేహం కలుగవచ్చును. ఈక కలంలో సిరా అయిపోయినదో లేదో అంధునికి తెలియదు. ఖాళీ కలంతో పుటలకు పుటలు వ్రాసే ప్రమాదం ఉన్నది. రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ అనే ఆంగ్లేయుడు 1806లో హక్కు పొందిన ఒక వ్రాతపరికరం ఈ చిక్కును తొలగించింది. దానిని నాక్టోగ్రాఫ్ అంటారు. ఒక పలకపై వరుసగా తీగలు బిగించి ఉంటాయి. వాటి క్రింద మసి పూసిన కాగితాన్ని, తెల్ల కాగితాన్ని ఉంచి, లోహపు ములుకుతో వ్రాస్తే అక్షరాలు తెల్ల కాగితంపై పడతాయి. తీగల వలన పంక్తులు వంకర పోవు. సిరా అవసరమే లేదు. హోల్మన్ తన దినచర్యలను ఈ పలకపైనే వ్రాసుకున్నాడు. పొన్నుకర్ర నడకకు స్వాతంత్ర్యం ఇస్తే, ఈ పలక వ్రాతకు స్వాతంత్ర్యం ఇచ్చింది.

1822లో ఆయన మరింత సాహసానికి పూనుకున్నాడు. రష్యా, సైబీరియాల మీదుగా తూర్పుగా సాగి భూమిని చుట్టిరావాలని సంకల్పించి, బండ్లలో ప్రయాణించి సైబీరియా నడుమనున్న ఇర్కూత్స్క్ నగరం చేరాడు. అక్కడ ఆయనను గూఢచారి అని అనుమానించి, జారు చక్రవర్తి ఆజ్ఞపై కాపలాతో తిరుగు ప్రయాణం చేయించి పోలండు సరిహద్దు దాటించారు. ఇందులోని విడ్డూరాన్ని పాఠకులు గమనించాలి. స్వదేశంలో విమర్శకులు, చూపులేనివాడు ఏమి చూసి వ్రాస్తాడని ఆయన గ్రంథాలను తేలికచేశారు. రష్యా ప్రభుత్వమేమో ఆయన చూడకూడనివి చూస్తున్నాడని భయపడింది. అదే సైబీరియాలో కాలినడకన తిరిగిన జాన్ డండాస్ కాక్రేన్ అనే నావికాధికారి కూడా, అంధుని యాత్రా గ్రంథానికి విలువేమిటని తన పుస్తకంలో ఎగతాళి చేశాడు. హోల్మన్ మాత్రం 1825లో సైబీరియా యాత్రా గ్రంథాన్ని ప్రకటించి, 1826లో లండను రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికైనాడు.

1827లో మూడవ యాత్ర ప్రారంభమైంది. బానిస వ్యాపారాన్ని అరికట్టడానికి ఆఫ్రికా పడమటి తీరంలోని ఫెర్నాండో పో ద్వీపానికి పోతున్న ఈడెన్ అనే నౌకలో ఆయన బయలుదేరాడు. ఆ ద్వీపంలో నావికులు అనేకులు జ్వరాలతో మరణించారు. హోల్మన్ బ్రతికి బయటపడ్డాడు. అక్కడి ఒక నదికి ఆయన పేరు పెట్టారు. అటుపిమ్మట బ్రెజిల్, దక్షిణాఫ్రికా, మారిషస్, సింహళం, మన భారతదేశం, చైనా, ఆస్ట్రేలియా చూసి 1832లో ఇల్లు చేరాడు. ఆ వృత్తాంతం 1834, 1835 సంవత్సరాలలో నాలుగు సంపుటాలుగా వెలువడింది. కీలింగ్ ద్వీపాల తీరానికి కొట్టుకొనివచ్చే విత్తనాలను గురించి చార్లెస్ డార్విన్ తన సముద్రయాత్రా గ్రంథంలో వ్రాస్తూ హోల్మన్ సంపుటాన్ని ఆధారంగా పేర్కొన్నాడు. కన్నులున్న మహాశాస్త్రజ్ఞుడు కన్నులు లేనివాని పరిశీలనా గ్రంథాన్ని ప్రమాణంగా స్వీకరించడం కంటె విమర్శకులకు వేరే జవాబు ఏమి కావాలి?

అయినను లోకం ఆయనను త్వరగా మరచిపోయింది. 1840 తరువాత మరల కొన్ని ఏండ్లు మధ్యధరా తీరదేశాలలో తిరిగాడు. చివరి రోజులలో స్వీయచరిత్రను పూర్తిచేశాడు గాని దానిని అచ్చువేసినవారు లేరు. ఆ వ్రాతప్రతియే కనబడకుండా పోయింది. 1857 జూలై 29న లండనులో మరణించాడు.

హోల్మన్ చెవితో సాధించినదానికి శాస్త్ర నిరూపణ చాలా కాలానికి లభించింది. అంధులు ఎదుటి గోడను ముఖచర్మంతో పసిగడతారని ఒక నమ్మకం ప్రచారంలో ఉండేది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన ఫలితాలు 1944లో వెలువడి ఆ నమ్మకాన్ని తొలగించాయి. పరిశోధకులలో ఒకరైన మైకేల్ సూపా స్వయంగా అంధుడు. ముఖాన్ని కప్పినా అడ్డును కనిపెట్టగలిగిన వారు, చెవులు మూసేసరికి గోడను ఢీకొన్నారు. ఆ సంవత్సరమే రెండవ ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం రిచర్డ్ హూవర్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు తేలికైన పొడవాటి కర్రను, దానితో నడిచే పద్ధతిని రూపొందించాడు. ఎడమపాదం ముందుకు సాగేటప్పుడు కర్రకొన కుడివైపు నేలను తాకుతుంది. ఆ విధంగా తరువాత పడబోయే కుడిపాదానికి చోటు ముందుగానే పరీక్షింపబడుతుంది.

మన దేశంలో ఢిల్లీ ఐ.ఐ.టి. వారు 2014లో స్మార్ట్‌కేన్ అనే పరికరాన్ని విడుదల చేశారు. సాధారణమైన చేతికర్ర గోతిని, రాతిని చెబుతుంది గాని, వంగిన తుమ్మకొమ్మను, బండినుండి బయటికి పొడుచుకొనివచ్చిన వాసాన్ని చెప్పలేదు. కర్రపిడికి అమర్చిన ఈ పరికరం మన చెవికి వినబడని ధ్వనితరంగాలను పంపి, మూడు మీటర్ల లోపలి అడ్డులను కనిపెట్టి, చేతికి ప్రకంపనల ద్వారా తెలియజేస్తుంది. మూడు మీటర్ల దూరంనుండి ధ్వని పోయి రావడానికి సెకనులో సుమారు 57వ వంతు చాలును. ఇక్కడ గమనించవలసినది ప్రకంపన అనే ఏర్పాటు. ఆ పరికరం చెవిలో నిరంతరం మోగుతూ ఉంటే, అంధునికి ఉన్న ప్రధాన సాధనాన్ని అది కాజేసినట్లే అవుతుంది. చేతికి చెప్పి, చెవిని స్వేచ్ఛగా విడిచిపెట్టినందువలననే అది తెలివైన పరికరం అయింది.

చూపులేనివారి కోసం యంత్రాలను నిర్మించదలచిన మన విద్యార్థులకు హోల్మన్ జీవితం నేర్పే పాఠమిదే. వారికి చెవి ఉన్నది, చేయి ఉన్నది, పాదం ఉన్నది, నిర్ణయించే బుద్ధి ఉన్నది. వాటిని త్రోసిపుచ్చి వారిని లాగుకొనిపోయే యంత్రం, కర్ర ముందు కొన పట్టుకున్న పసివాని స్థానంలో మరొక ఇనుప పసివానిని నిలిపినట్లే. పరికరం అడిగినదానికి జవాబు చెప్పాలి. దారిని మాత్రం మనిషికే విడిచిపెట్టాలి. అందుచేత రూపకల్పన ప్రయోగశాలలో కాక, మన వీధిలోని అంధుని ప్రక్కన కూర్చొని, ఆయన ఏ మలుపు దగ్గర ఎందుకు ఆగుతాడో అడిగి తెలుసుకొనడంతో ప్రారంభం కావాలి. మన ధూళికి, ఎండకు, రాళ్లబాటకు తట్టుకొనేది, కరెంటు లేని పూట కూడా పనిచేసేది, కూలివాని చేతికి అందే ధరలో ఉండేది కావాలి. అది సిద్ధమయ్యేలోపల మనం చేయదగిన పని ఒకటున్నది. ఇంటిముందు దారికి అడ్డంగా రాళ్లకుప్పను, మోటారు సైకిలును ఉంచకపోవడానికి ఏ పరిశోధనా అక్కరలేదు.

అక్టోబరు 15వ తేదీని తెల్లకర్ర దినంగా జరుపుకొనే ఆచారం 1964లో అమెరికాలో మొదలైంది. అది హోల్మన్ పుట్టిన తేదీ కూడా కావడం యాదృచ్ఛికమే. ఆ దినాన ఏ తాత చేతికర్ర ముందు కొననో పట్టుకొని నడవవలసిన బాలుడు, మన కృషివలన బడిగంట వేళకు తరగతిలో కూర్చొని ఉంటే, ఆ అంధ నావికునికి అంతకు మించిన నివాళి ఉండదు.