బారిస్టర్ కాకముందే కోర్టు నేర్చుకున్న ప్రకాశం పంతులు

లా చదివే పిల్లలు సెలవుల్లో జీతం లేకుండా వకీల్ సాబ్ ఆఫీసుకు పోతామంటే ఉప్పల్, నాచారంలోని మన ఇళ్లలో చాలామంది వద్దంటారు. వాళ్లు టంగుటూరి ప్రకాశం గారి జీవితం చూడాలి.

1872లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి ఒంగోలులో పూటకూళ్లు నడిపి చదివించారు. సెకండ్ గ్రేడ్ ప్లీడరై రాజమండ్రిలో ఏళ్ల తరబడి కేసులు నడిపారు. ఆ అర్హతతో హైకోర్టులో వాదించే వీల్లేదు. అందుకే ముప్పై దాటాక, 1904లో ఇంగ్లండ్ వెళ్లి బారిస్టర్ చదివారు. తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెడితే పేరు, డబ్బు రెండూ వచ్చాయి. పట్టా కొత్తదే గానీ కోర్టు పని పాతదే కదా!

తర్వాత ఉద్యమం కోసం ఆ ప్రాక్టీసు వదిలేశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957లో మన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

పిల్లలు ఫైళ్లు మోస్తుంటే ఆపకండి. చదువుకు విలువ వచ్చేది అక్కడే.