అప్పుల పగ్గము పట్టిన పాలకుడు

దక్షిణ కొరియాలోని గూమీ సమీపమున ఒక బీద రైతు కుటుంబములో 1917 నవంబరు 14వ తేదీన పార్క్ చుంగ్ హీ జన్మించెను. ఆనాడు కొరియా జపాను ఏలుబడిలో నుండెను. తైగూలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1937 నుండి ఇంచుమించు మూడేండ్లు ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు చదువు చెప్పెను. బడిపంతులు జీవితము ఆయనకు రుచింపలేదు. మంచూరియాకు పోయి సైనిక విద్యాలయమున చేరి, జపాను అధీనములోని ఆ రాజ్యపు సైన్యమున అధికారి యయ్యెను. స్వదేశమును అణచియుంచిన వారి కొలువులో చేరుట ఆయన పేరున మాయని మచ్చ. కాని సర్కారు ఆజ్ఞతో పరిశ్రమలు లేచు విధమును ఆయన చూచినది అచ్చటనే.

1961 మే 16వ తేదీన సైన్యాధికారులు కొందరితో కూడి పార్క్ అధికారమును చేజిక్కించుకొనెను. అప్పటికి కొరియా యుద్ధము ముగిసి ఎనిమిదేండ్లే. దేశము అమెరికా సహాయముపై బ్రతుకుచుండెను. అక్రమార్జన నేరమున పెద్ద వర్తకులను నిర్బంధించిన క్రొత్త ప్రభుత్వము, కొలదికాలములోనే వారితో రాజీపడెను. వారు కర్మాగారములు నెలకొల్పవలెను. ప్రభుత్వము శిక్ష మానుకొనును. లాభము వర్తకునిది, బ్యాంకులు మాత్రము సర్కారువి. ఎగుమతుల లెక్క చెప్పుటకు నెలనెలా సభ జరుగును. దేశాధ్యక్షుడే వచ్చి కూర్చుండును. లక్ష్యము సాధించినవారికి తక్కువ వడ్డీకి ఋణము దొరకును. 1964లో పది కోట్ల డాలర్లుగా నున్న ఎగుమతులు 1970 నాటికి నూరు కోట్లకును, 1977 నాటికి వేయి కోట్లకును పెరిగెను.

ఇంత వేగమునకు మూలము అప్పు. బ్యాంకు సొమ్ము చాలక కంపెనీలు విదేశములలో అప్పు చేసెను. వానికి ప్రభుత్వమే హామీ. అదియు చాలక బజారులోని వడ్డీవ్యాపారులను ఆశ్రయించెను. 1960ల చివరి నాటికి అనేక కంపెనీలు దివాలా అంచునకు చేరెను. వానిని కూలనిచ్చినచో సర్కారు బ్యాంకులు కూడ కూలును. పగ్గము పట్టినవాడే ఆ పగ్గమునకు కట్టుబడెను.

1972 ఆగస్టు 3వ తేదీన పార్క్ ఒక అత్యవసర శాసనము చేసెను. కంపెనీలు బజారున తెచ్చిన అప్పులన్నియు నమోదు కావలెను. మూడేండ్లు అసలు చెల్లింపనక్కరలేదు. తరువాత ఐదేండ్లలో, నెలకు 1.35 శాతము వడ్డీతో తీర్చవచ్చును. ఆనాటి బజారు వడ్డీలో ఇది సగమునకన్న తక్కువ. కంపెనీలు ఊపిరి పీల్చుకొనెను. ఇల్లు గడుపుకొనుటకై కూడబెట్టిన సొమ్మును వడ్డీకిచ్చిన సామాన్యులు నష్టపోయిరి. లెక్క తేలగా మరియొక వింత బయటపడెను: ఆ అప్పులలో కొంత భాగము యజమానులు తమ కంపెనీలకే తాము ఇచ్చుకొన్నది! ఆ అక్టోబరులోనే ఆయన ప్రజాస్వామ్య రాజ్యాంగమును రద్దుచేసి సర్వాధికారములను గ్రహించెను.

అంతకు రెండేండ్ల ముందే, 1970 నవంబరులో, సియోల్‌లోని దుస్తుల కార్ఖానా కార్మికుడు చోన్ తే ఇల్, కార్మిక చట్టమును అమలు జరుపుడని కోరుచు తన దేహమునకు నిప్పంటించుకొనెను. వయస్సు ఇరువది రెండు. చట్టము పుస్తకములో నుండెను, కార్ఖానాలో లేదు. కార్మికుల నోరు నొక్కుటయు ఆ ఆర్థిక విధానములో ఒక భాగమే.

1973లో ఉక్కు, ఓడలు, యంత్రములు, రసాయనముల పరిశ్రమలపై పార్క్ దృష్టి మరల్చెను. ప్రపంచ బ్యాంకు ప్రోత్సహింపని పోహాంగ్ ఉక్కు కర్మాగారమును జపాను సొమ్ముతో ఆ యేడే పూర్తిచేయించెను. అది అఖండ విజయము. అన్నియు అట్లు కాలేదు. ఋణము చవుక గనుక అవసరమునకు మించి యంత్రములు వెలసెను, ధరలు మండెను. 1979 ఏప్రిల్‌లో ప్రభుత్వమే వెనుకంజ వేసి పెట్టుబడులను తగ్గింపబూనెను. ఆగస్టులో, మూతపడిన విగ్గుల కంపెనీ కార్మిక స్త్రీలు ప్రతిపక్ష కార్యాలయమున బైఠాయింపగా పోలీసులు చొరబడిరి. ఒక యువతి మరణించెను. అక్టోబరులో పూసాన్, మాసాన్ నగరములు తిరుగబడెను. ఆ నెల 26వ తేదీ రాత్రి విందులో, తన గూఢచారి శాఖాధిపతి కిమ్ జే గ్యు చేతి తుపాకికి పార్క్ బలియయ్యెను.

మరుసటి యేడు కొరియా ఆర్థికవ్యవస్థ పెరుగుటకు బదులు కుంచించుకొనిపోయెను. చాంగ్వాన్‌లో ఒక ప్రైవేటు సంస్థ తలపెట్టి నడపలేకపోయిన భారీ యంత్రముల కర్మాగారమును 1980లో ప్రభుత్వమే స్వాధీనము చేసికొనవలసివచ్చెను. దానిని మరల ప్రైవేటువారికి అమ్ముటకు ఇరువది యేండ్లు పట్టెను.