వాకిట్ల మంచానికీ ఒక గడి

మొన్న ఎండకాలం సెలవులకు కరీంనగర్ దగ్గర మా ఊరికి పోతే ఇంట్లో ఒకటే ముచ్చట. గూనపెంకుటిల్లు కూలగొట్టి స్లాబు ఇల్లు కట్టాలె. మూరెడు మందం మట్టిగోడలున్న ఆ ఇంట్లో నాయనమ్మ మిట్ట మధ్యాహ్నం ఫ్యాను లేకుండా కునుకు తీస్తది. పక్కనే బాబాయి స్లాబు ఇంట్లో రాత్రి పదకొండైనా సెగ దిగదు. సివిల్ చదువుతున్న గదా, ఏది మంచిదో చెప్పమని బాపు అడిగిండు. నా దగ్గర జవాబు లేదు.

కాలేజీకి వచ్చాక వెతికితే ఉష్ణమండల ఇళ్ల నిర్మాణం మీద ఒక పాత మాన్యువల్ దొరికింది. దాని రచయితల్లో మొదటి పేరు ఓటో కోనిగ్స్‌బర్గర్. ఎవరీయన అని చదువుతూ పోతే, మన దేశంలోనే పన్నెండేళ్లు పనిచేశాడని తెలిసింది.

1908లో బెర్లిన్‌లో పుట్టాడు. భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్ ఆయనకు మేనమామ. 1933లో హిట్లర్ రాగానే, యూదుడు కాబట్టి సర్కారు కొలువు పోయింది. ఈజిప్టు వెళ్లి కొన్నేళ్లు ప్రాచీన కట్టడాల మీద పరిశోధన చేశాడు. 1939లో మైసూరు సంస్థానం ఆర్కిటెక్టుగా బెంగళూరు వచ్చాడు. అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో భవనాలు కట్టాడు. జంషెడ్‌పూర్‌కు, తర్వాత భువనేశ్వర్‌కు ప్లాన్లు గీశాడు. భారత పౌరసత్వం కూడా తీసుకున్నాడు.

1948లో కేంద్ర ప్రభుత్వంలో హౌసింగ్ డైరెక్టరయ్యాడు. విభజనతో లక్షల మంది శరణార్థులు నీడ లేక ఉన్నారు. తొందరగా ఇళ్లు కావాలి. ఢిల్లీలో ఫ్యాక్టరీ పెట్టి గోడల ప్యానెళ్లు పోతపోయించాలన్న పథకం ఆయన చేతిలో పడింది. ప్యానెళ్లు పగుళ్లిచ్చాయి, పార్లమెంటులో నిలదీశారు, ఫ్యాక్టరీ మూతపడింది. 1951లో లండన్ వెళ్లిపోయాడు.

నాకు ఆయన జీవితంలో అసలు మలుపు ఇదే అనిపించింది. ఎక్కడో తయారైన ఇంటిని ఇంకోచోట దించితే నిలబడదని ఆయన సొంత దెబ్బతో నేర్చుకున్నాడు.

1950ల మధ్యలో ఐక్యరాజ్యసమితి బృందంతో నేటి ఘనాకు వెళ్లాడు. అక్కడి ఊళ్లలో మట్టిగోడలు జనమే లేపుకుంటారు, పైకప్పు దగ్గరే డబ్బు చాలదు. అందుకే ఇల్లు మొత్తం కట్టివ్వడం కాకుండా పైకప్పుకు, తలుపులకు అప్పు ఇవ్వమని ఆ బృందం సూచించింది.

అప్పట్లో ఇంగ్లండులో చదువుతున్న అడెయెమి అనే నైజీరియా విద్యార్థికి, అక్కడి పాఠాలు తన దేశపు ఎండకు పనికిరావనిపించింది. ఆ అసంతృప్తి 1953లో లండన్ సదస్సుకు, మరుసటేడు ఆర్కిటెక్చరల్ అసోసియేషన్‌లో ప్రత్యేక విభాగానికి దారితీసింది. 1957 నుంచి దాన్ని నడిపింది కోనిగ్స్‌బర్గరే. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా విద్యార్థులు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరి ఊరి ఇల్లు ఇంకొకరికి చెప్పుకున్నారు.

ఆ అనుభవం నుంచి, కార్ల్ మహోనీ తదితరులతో కలిసి చేసిన మహోనీ పట్టికలను 1971లో ఐక్యరాజ్యసమితి అచ్చువేసింది. కంప్యూటర్ అక్కర్లేదు. పన్నెండు నెలల వేడి, తేమ, వాన అంకెలు నింపితే గోడ ఎంత మందం ఉండాలో, కిటికీ ఎంత పెద్దదో, పైకప్పు ఎలాంటిదో తేలుతుంది. ఆరుబయట పడుకునే చోటు కావాలా అన్నదానికీ అందులో ఒక గడి ఉంది! మన వాకిట్ల నులక మంచానికి ఇంజనీరింగ్ పుస్తకంలో చోటు దొరకడం నేను మొదటిసారి చూసిన.

హాస్టల్లో కూర్చుని కరీంనగర్ అంకెలు నింపిన. మందపు గోడలు కావాలె, ఏప్రిల్, మే రాత్రులు బయట పడక కావాలె, వానకాలం గదిలో గాలి ఆడాలె అని వచ్చింది. నాయనమ్మ ఇల్లు ఇందులో మొదటి రెండూ పాస్. గాలి దగ్గరే తప్పింది, కిటికీలు చిన్నవి. ఆదిలాబాద్ నుంచి వచ్చిన రూమ్మేట్ తమ జిల్లా అంకెలు నింపుకుని, వెదురు తడికకు మట్టి మెత్తిన వాళ్ల తాత ఇంటితో పోల్చుకున్నడు.

కోనిగ్స్‌బర్గర్ 1999లో లండన్‌లో పోయాడు. బాపుకు ఇప్పుడు నా జవాబు ఇది: కొత్త గదులకు స్లాబు వేద్దాం, మట్టిగోడల గది మాత్రం ఉంచుదాం, దానికి కిటికీ పెద్దది చేద్దాం. బాపు ఇంకా సరే అనలేదు. నాయనమ్మ మాత్రం అప్పుడే కిటికీ ఎటు దిక్కు పెట్టాల్నో చూపిస్తంది.