దరియా దౌలత్ గోడపై హైదరాలీ

చిత్తూరు పట్టణమునకు సమీపముననున్న నరసింగరాయనిపేట పేరు మన విద్యార్థులలో ఎందరు వినియుందురో చెప్పలేము. 1782 డిసెంబరు 7వ తేదీన మైసూరు పాలకుడు నవాబు హైదరాలీఖాన్ ఆ పేట వద్ద విడిసిన దండులో కన్నుమూసినాడు. ఆయనను బలిగొన్నది శత్రువు ఖడ్గము కాదు, వీపుపై లేచిన రాచపుండు. రెండేండ్ల క్రిందటి ఆయన విజయము మాత్రము శ్రీరంగపట్టణమున దరియా దౌలత్ మందిరపు పడమటి గోడపై రంగులలో నిలిచియున్నది. ఆ గోడను ఎదుట నుంచుకొని ఆయన జీవితమును పరిశీలింతము.

హైదరాలీ 1720 ప్రాంతమున కోలారు సీమలోని బూదికోటలో జన్మించినాడు. సిరా కొలువులో సేనానిగా నుండిన తండ్రి ఫతే మొహమ్మదు యుద్ధములో మరణించుటచే బాల్యము కష్టములలో గడచినది. చదువు అబ్బలేదు. సంతకము చేయవలసిన చోట ఒక్క అక్షరము మాత్రము గీసెడివాడు. కాని జ్ఞాపకశక్తి అసాధారణము. 1749లో దేవనహళ్ళి ముట్టడిలో పేరు తెచ్చుకొని, 1755లో దిండిగల్లు ఫౌజుదారై, ఫ్రెంచి పనివారిచేత ఫిరంగుల కార్ఖానా పెట్టించినాడు. 1761 నాటికి మైసూరు అధికారమంతయు ఆయన చేతికి వచ్చినది. ఒడయారు రాజు పేరునకు సింహాసనముపై నుండెను. మన గుర్రంకొండ దుర్గమును పాలించిన మీర్ ఆలీ రజాఖాన్ ఆయనకు బావమరిది.

1769లో మద్రాసు గుమ్మము దాక వెళ్ళి ఇంగ్లీషు కంపెనీతో సంధి చేసికొన్నాడు. ఒకరిపై శత్రువు వచ్చిన రెండవవారు సాయపడవలెనని అందొక షరతు. మరాఠాలు మైసూరుపై పడినపుడు కంపెనీ కదలలేదు. ఆ కోపమే 1780లో మహాసైన్యమై కనుమలు దిగినది. సెప్టెంబరు 10న కాంచీపురము సమీపమున పొల్లిలూరు వద్ద కర్నలు బెయిలీ దళమును తండ్రీకొడుకులు చుట్టుముట్టినారు. మందుగుండు బండ్లు పేలిపోయి, బెయిలీ గాయపడి పట్టుబడినాడు.

టిపూ సుల్తాను 1784లో కట్టించిన మందిరమున ఈ ఘట్టమునే చిత్రింపించినాడు. నడుమ ఎర్రకోట్ల సిపాయిలు చతురస్రముగా నిలిచియుందురు. వారి మధ్య పల్లకిలో బెయిలీ. మందుబండి భగ్గుమని పేలుచున్నది. ఇరువైపుల నుండి మైసూరు అశ్వికులు కత్తులు దూసి వచ్చుచున్నారు. దూరదృష్టి నియమములు చిత్రకారునికి పట్టలేదు; ముఖ్యుడైనవాడు పెద్దగా కనిపించును, అంతే. ఎర్రకోట్ల ముఖములన్నియు ఒకే అచ్చు, మీసములు లేనివి. మైసూరువారికి మీసములే అలంకారము. చిత్రమేమనగా హైదరాలీకే మీసము లేదు. గడ్డము, మీసము, కనుబొమలు సైతము గొరిగించుకొను అలవాటు ఆయనది. కొన్ని ఐరోపా చిత్రములలో ఆయనకు గుబురుగడ్డము పెట్టినారు. మేము శ్రీరంగపట్టణపు గోడనే నమ్ముదుము.

ఇటలీలో పావొలో ఉచ్చెల్లో పదునైదవ శతాబ్దిలో సాన్ రొమానో యుద్ధమును మూడు ఫలకములపై చిత్రించినాడు. అందొకదానిలో సైనికులందరు ఇనుప కవచములలో మునిగియుండగా, సేనాని నికోలో మాత్రము శిరస్త్రాణము లేక జిలుగు తలపాగాతో తెల్లగుఱ్ఱముపై కనిపించును. పోరులో అట్లెవ్వరు నుండరు. పొల్లిలూరు చిత్రములోను హైదరు, టిపూలు ఊరేగింపునకు వెడలినట్లు నిమ్మళముగా నుందురు. గెలిచినవాడు డబ్బిచ్చి వేయించిన బొమ్మలు ఏ దేశమందైన నిట్లే యుండునేమో.

గోడపై లేనివి మనము కలుపుకొనవలెను. 1781లో పోర్టోనోవో వద్దను, మన పొరుగుననున్న షోళింగరు వద్దను హైదరాలీ ఓడిపోయినాడు. మద్రాసు చుట్టుపట్ల ఆయన సేనలు తగులబెట్టిన పల్లెలు, పారిపోయిన రైతులు ఆ రంగులలో లేరు. ఆయనను అభిమానించువారు దానిని దాచరాదని మా అభిప్రాయము. గోడపై పల్లకిలో కూర్చున్న బెయిలీ 1782 నవంబరులో శ్రీరంగపట్టణపు చెరలోనే మరణించెను. మరి కొన్ని వారములకే హైదరాలీ వంతు వచ్చినది.

అప్పుడు టిపూ మలబారు తీరమున నుండెను. వార్త పొక్కిన సైన్యము చెదరునని పూర్ణయ్య, కృష్ణారావు మొదలగు మంత్రులు మరణమును గుప్తముగా నుంచినారు. శరీరమును సుగంధద్రవ్యములతో పెట్టెలో నుంచి, ధనపుపెట్టె వలె కాపలాతో కోలారునకు, తండ్రి సమాధి వద్దకు పంపినారు. పిమ్మట శ్రీరంగపట్టణపు గుంబజునకు చేర్చినారు. 1799లో టిపూను అక్కడనే తండ్రి ప్రక్కన ఉంచినారు. దరియా దౌలత్ చిత్రము అటు తరువాత చెడిపోగా, డల్హౌసీ గవర్నరు జనరలుగా నున్న కాలమున ఇంగ్లీషువారే దానికి మరల రంగులు వేయించినారు.