కంచాలు కడిగే యంత్రం కనిపెట్టిన జోసఫీన్ కాక్రేన్

సావనీరుకు ఒక గొప్పవారి జీవిత చరిత్ర వ్రాసి యివ్వండి మాస్టారూ అని యూనియన్ కార్యదర్శి అడిగితే సరేనన్నాను. గాంధీగారి మీదా, వివేకానందుని మీదా యేటా ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. నేను మాత్రం అంట్లు తోమే పనిని గురించి ఆలోచించిన ఒకావిడ కథ వ్రాస్తాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. హాస్టల్ మెస్సుకు కంచాలు కడిగే యంత్రం కొనాలని మన విద్యార్థులు అర్జీ పెట్టారని విన్నాను గనుక ఇదే అదను.

జోసఫీన్ 1839లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టింది. తండ్రి జాన్ గారిస్ సివిల్ ఇంజనీరు. ఆవిరి పడవ నడిపిన జాన్ ఫిచ్ తమ పూర్వీకుడని ఆ కుటుంబం చెప్పుకునేది. అంటే యంత్రాల ఊసు ఆమెకు కొత్త కాదు. కానీ చేతిలో డిగ్రీ లేదు. ఆ కాలంలో ఆడపిల్లను ఇంజనీరింగులో ఎవరు చేర్చుకుంటారు గనుక! 1858లో విలియం కాక్రన్ అనే బట్టల వ్యాపారిని పెళ్ళాడి ఇల్లినాయ్ రాష్ట్రంలోని షెల్బీవిల్‌లో కాపురం పెట్టింది. భర్త ఇంటిపేరు చివర తనంతట తానే ఒక అక్షరం తగిలించుకుని కాక్రేన్ అయింది.

వాళ్ళది కలిగిన కాపురం. తరచుగా విందులు జరిగేవి. తరతరాలుగా వచ్చిన పింగాణీ కంచాలు బల్ల మీదికి వచ్చేవి. పనివాళ్ళు తోముతుంటే అంచులు పెచ్చులూడుతున్నాయని ఆమెకు కోపం వచ్చింది. ఇక ఎవరినీ ముట్టుకోనివ్వక తానే కడగడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు కడిగేసరికి ఆ పని ఎంత విసుగో తెలిసివచ్చింది. ఉన్నమాట చెప్పాలి కదా: ఈ యంత్రం పుట్టింది పనిమనిషి చేతుల మీద జాలితో కాదు, కంచాల మీద ప్రేమతో.

1883లో భర్త పోయాడు. ఆమెకు మిగిలినవి కొద్దిపాటి డబ్బు, చాలా అప్పులు. అంతవరకూ సరదాగా ఉన్న ఆలోచన బ్రతుకుతెరువు అయింది. ఇంటి వెనక కట్టెల కొట్టంలో, జార్జ్ బటర్స్ అనే మెకానిక్కును తోడు పెట్టుకుని పని సాగించింది. కంచాలు, సాసర్లు, కప్పులు కొలిచి, ఒక్కొక్కదానికి సరిపోయే తీగ గూళ్ళు చేయించింది. వాటిని ఒక చక్రం మీద అమర్చి, ఆ చక్రాన్ని రాగి బాయిలరులో పెట్టి, వేడి సబ్బునీళ్ళు జోరుగా చిమ్మే ఏర్పాటు చేసింది. అంతకు ముందు 1850లోనే ఒకాయన కొయ్యతో ఇటువంటి యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు గాని అది పనికిరాలేదు. రుద్దడానికి బదులు నీటి ఒత్తిడితోనే కడగవచ్చునని నిరూపించి చూపినది ఈవిడ. చెప్పినట్టు చెయ్యమంటే మగవాళ్ళు వినేవారు కాదట. వాళ్ళ పద్ధతిలో చేసి, చెడగొట్టి, ఆ తరువాత ఈవిడ దారికి వచ్చేవారు. 1886 డిసెంబరు 28న పేటెంటు వచ్చింది. అప్పటికి ఆమెకు 47 ఏళ్ళు.

యంత్రం చెయ్యడం ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు. షికాగోలో పామర్ హౌస్ హోటలు కొన్నది. తరువాత షెర్మన్ హౌస్‌కు తనంతట తాను వెళ్ళింది. తండ్రో, భర్తో ప్రక్కన లేకుండా ఆడది హోటల్లో అడుగు పెట్టని రోజులవి. ఆ హాలు దాటి అవతలి వైపుకు నడవడమే తన జీవితంలో అతి కష్టమైన పని అని ఆమె తరువాత చెప్పుకున్నది. నడిచింది, ఆర్డరు తెచ్చుకున్నది. పెట్టుబడి పెట్టేవాళ్ళు మాత్రం పెత్తనం మగవాళ్ళకు అప్పగించమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆమె యంత్రాలు అక్కడి భోజనశాలల్లో పనిచేశాయి, బహుమతి కూడా వచ్చింది. అదే ఏడు, అదే ఊళ్ళో వివేకానందుడు ప్రసంగించిన సంగతి మనకందరికీ తెలుసు. ఆ పూట భోజనాల కంచాలు కడిగిందెవరో మాత్రం మనం అడగం.

గృహిణుల కోసమని తలపెట్టిన యంత్రం ఇళ్ళలోకి వెళ్ళనే లేదు. అంత వేడినీరు అప్పటి ఇళ్ళలో దొరికేది కాదు. చవుడు నీటిలో సబ్బు నురగే రాదు. హోటళ్ళూ, ఆస్పత్రులూ, కాలేజీలే కొన్నాయి. చేయి ఓర్చుకోలేనంత వేడినీరు యంత్రం ఓర్చుకుంటుంది. శుభ్రత రహస్యం అక్కడే ఉంది.

ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. పై చదువుకు అమెరికా వెళ్ళిన కొత్తలో ఒక క్యాంటీనులో రాత్రిపూట ఈ యంత్రం దగ్గర పనిచేశాను. కడుగు నీరు 65 డిగ్రీలు, చివర జాడించే నీరు 82 డిగ్రీల సెంటిగ్రేడు ఉండాలి. తొట్టిలో నీరు పదే పదే తిరుగుతుంది కాబట్టి ఎంగిలి మెతుకులు జల్లెడలో ఆగాలి. ఒక రాత్రి బద్ధకించి జల్లెడ తియ్యకుండా, తలుపు మూసేసి వచ్చేశాను. తెల్లవారి తలుపు తీస్తే కుళ్ళు వాసన! గ్లాసుల నిండా మసక. మా సూపర్‌వైజరు తిట్టలేదు. నీళ్ళు చిమ్మే చేతులు ఊడదీసి, ఒక్కొక్క రంధ్రంలోంచి నిమ్మ గింజలు పుల్లతో నాచేత తీయించాడు. హీటరు మీద పట్టిన గార పోవడానికి ఆమ్లపు మందు వేయించాడు. దానిలో క్లోరిన్ మందు ఎన్నడూ కలపవద్దనీ, విషవాయువు పుడుతుందనీ చెప్పాడు. గ్లాసుల యంత్రంలో జిడ్డు కంచాలు పెట్టకూడదు. కడిగినవాటిని గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే ఆ గుడ్డలోని మురికే అంటుతుంది.

జోసఫీన్ చివరి దాకా వ్యాపారం చూసుకుంటూనే 1913లో, 74వ యేట కన్నుమూసింది. 1926లో ఆమె కంపెనీని హోబార్ట్ సంస్థ కొనుక్కున్నది. ఇళ్ళలో ఈ యంత్రం మామూలయింది రెండవ ప్రపంచ యుద్ధం తరువాతనే. అమెరికావారు తమ జాతీయ ఆవిష్కర్తల జాబితాలో ఆమె పేరు చేర్చింది 2006లో.

మన మెస్సులో కంచాలు తోమే అప్పలమ్మగారి అరచేతులు సోడా నీళ్ళకు ఎలా పగిలాయో చూసినవాళ్ళకు ఆ అర్జీ ఎందుకో చెప్పనక్కర్లేదు. నేనూ సంతకం పెట్టాను. అయితే యంత్రం ధరతో పాటు రాత్రి పది గంటలకు నీళ్ళు వదిలేసి, జల్లెడ తీసి కడిగి, తలుపు తెరిచిపెట్టి వెళ్ళే మనిషి ఎవరో, ఆ మనిషికి జీతం ఎంతో కూడా అర్జీలో వ్రాయమన్నాను. ఆ కాగితం ఇంకా నాకు తిరిగి రాలేదు.