లాడపువాడ నిర్మాత బ్రూనో టౌట్

పందొమ్మిదవ శతాబ్దమున బెర్లిను నగరములో శ్రామికుడు కాపురముండిన యింటిని నేటి విద్యార్థి యూహించుట కష్టము. వీధివైపున అయిదంతస్తుల మేడ, దాని వెనుక మఱియొక మేడ, ఆ వెనుక వేఱొకటి. నడుమ బావివంటి ముంగిలి. ఆ ముంగిలి కనీస మెంత యుండవలెనో 1853 నాటి కట్టడపు నిబంధన నిర్ణయించినది: నిడివి 5.34 మీటర్లు, వెడల్పును అంతియే. నిప్పు నార్పెడు యంత్రము వచ్చి తిరిగిపోవుటకు ఆ చోటు చాలును. ఎండయు, చెట్టును, పిల్లల యాటయు లెక్కలోనికి రాలేదు.

ఈ ముంగిలిని మార్చినవారిలో అగ్రగణ్యుడు బ్రూనో టౌట్. ఈయన 1880 మే 4వ తేదీన తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బెర్గులో జన్మించెను. తత్త్వవేత్త కాంటు పుట్టిన యూరును అదియే. 1913లో బెర్లిను శివారున ఫాల్కెన్‌బెర్గు వాడను ఆరంభించి, యిండ్లకు ఎఱుపు, నీలము, పసుపు రంగులు వేయించెను. జనులు దానిని రంగులపెట్టె యని పరిహసించిరి. టౌట్ వెనుదీయలేదు. డబ్బులేనివానికి రంగుకంటె చౌకయైన యలంకారము వేఱేమున్నది?

1924లో కార్మిక సంఘముల యాధ్వర్యమున నొక గృహనిర్మాణ సంస్థ వెలసెను. టౌట్ దానికి ప్రధాన వాస్తుశిల్పి యయ్యెను. మఱుసటి యేడు బ్రిట్జ్ అనుచోట, మార్టిన్ వాగ్నర్ తోడ్పాటుతో, ఆయన పేరు నిలిపిన పని మొదలయ్యెను. అచ్చట నొక సహజమైన కొలను కలదు. మఱియొకడైనచో దానిని పూడ్చి కట్టియుండును. టౌట్ దానినే నడుమ నుంచి, చుట్టును సుమారు 350 మీటర్ల పొడవున మూడంతస్తుల కట్టడమును గుఱ్ఱపు లాడమువలె వంచెను. బాల్కనీలన్నియు కొలనువైపే తెఱచుకొనును. గోడలకు చేరువగా కాపురస్థుల చిన్న తోటలు; వాని కావల, పల్లమున, అందఱికిని చెందిన పచ్చికబయలు. తన దెచ్చట ముగియునో, మన దెచ్చట మొదలగునో చూచిన వెంటనే తెలియును. చుట్టుపట్ల వరుస యిండ్లతో కలిపి వాడలో దాదాపు 2,000 కాపురములు. వ్యయము తగ్గింపవలెనని కొలది నమూనాలనే మరల మరల వాడిరి. అయినను అద్దె నిరుపేదలకు అందలేదు. గుమాస్తాలును, పనితెలిసిన కార్మికులును మాత్రమే చేరగలిగిరి. ఈ లోప మొప్పుకొనవలసినదే.

తరువాత కార్ల్ లెగీన్ వాడలో, నగరపు టిరుకునందే, ముంగిళ్ళను ఒకవైపు వీధికి తెఱచి పచ్చదనమును బాటసారులకును చూపెను. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించిన ఆఱు బెర్లిను వాడలలో నాలుగు టౌట్ రూపొందించినవే.

1933లో నాజీలు అధికారమునకు రాగా, వేలకొలది కుటుంబములకు నీడ కల్పించిన యీయన స్వదేశమున నిలువనీడ లేక వెడలిపోయెను. జపాను చేరి, తన 53వ పుట్టినరోజున క్యోటోలోని కత్సురా రాజగృహమును, దాని యుద్యానమును దర్శించి ముగ్ధుడయ్యెను. అచ్చట కట్టుటకు పని దాదాపు దొరకలేదు. తకసాకిలో నొక దేవాలయపు ఆవరణమున చిన్నయింట నుండి గ్రంథములు వ్రాసెను. 1936లో తుర్కీ ఆహ్వానింపగా ఇస్తాంబులులో ఆచార్యుడయ్యెను. 1938 నవంబరులో అతాతుర్కు మరణింపగా, ఆయన పార్థివదేహము నుంచిన వేదికను టౌటే రూపొందించెను. అదే డిసెంబరు 24న తానును కన్నుమూసెను. ముస్లిమేతరుడైనను, తుర్కులు ఆయనను ఎదిర్నెకపి వీరుల శ్మశానమున ఖననము చేసిరి.