రంగు ముక్కల్లో ప్రభువు రూపం

బేతంచెర్ల వైపు వెళ్తే బండల మిషన్ల పక్కన విరిగిన నాపరాతి ముక్కలు కుప్పలుగా కనబడతాయి. మన కర్నూలు, కడప ప్రాంతాల్లో ఆ ముక్కలు పరిచిన వాకిళ్లు ఎన్నో. అలాంటి చిన్న ముక్కలతోనే, కాకపోతే రంగు గాజువాటితో, ఇటలీలోని రవెన్నా పట్టణంలో 5, 6 శతాబ్దాల విశ్వాసులు ఆరాధన మందిరాల గోడలు నింపారు. దీన్నే మొజాయిక్ అంటారు. పలుచని బంగారు రేకును రెండు గాజుపొరల నడుమ పెట్టి, ఒక్కో ముక్కను కొంచెం వాలుగా అతికించేవారు. దీపం కదిలితే గోడంతా మెరిసేది.

వాటిని మనసులో దాచుకున్న చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్. 1833లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. పుట్టిన వారంలోపే తల్లి చనిపోయింది. తండ్రి పటాలకు చట్రాలు కట్టి బతికేవాడు. కొడుకు 1853లో ఆక్స్‌ఫర్డ్ వెళ్లింది పాదిరి కావాలని. అక్కడ విలియమ్ మోరిస్ స్నేహితుడయ్యాడు. ఇద్దరూ 1855లో ఫ్రాన్సులోని పాత దేవాలయాలు చూసి వస్తూ పాదిరి పని మానుకుని, కళనే జీవితం చేసుకోవాలని నిర్ణయించుకున్నారు. సెమినరీలో చదివిన నాలాంటివాడికి ఆ మాట వింటే మొదట మనసు చివుక్కుమంటుంది. పిలుపు వదిలేశాడా, లేక పిలుపే వేరే దారిలో వచ్చిందా?

1860లో ఆయన పెళ్లి చేసుకున్న జార్జియానా ఒక మెథడిస్టు బోధకుని కుమార్తె. రచయిత కిప్లింగ్‌కు ఆమె పినతల్లి. ఆ కాపురంలో భర్త తప్పు వల్ల ఆమె కన్నీళ్లు పెట్టిన రోజులూ ఉన్నాయి. ఆయన్ని పరిశుద్ధుడిగా చూపడం నా ఉద్దేశం కాదు.

ఇటలీకి ఆయన నాలుగుసార్లు వెళ్లాడు. వెనిస్‌లోని సెయింట్ మార్క్ దేవాలయం, రవెన్నా మందిరాలు ఆయన్ని పట్టేశాయి. 1879లో సెయింట్ మార్క్ ముఖభాగాన్ని బాగుచేత పేరుతో మార్చబోతే, సభల్లో మాట్లాడడం అలవాటు లేని ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో లేచి నిలబడి అభ్యంతరం చెప్పాడు.

1881లో ఊహించని పని వచ్చింది. 1870 వరకు పోపు పాలనలో ఉన్న రోము నగరంలో, ప్రాకారం లోపల ప్రొటెస్టెంట్లు గుడి కట్టుకునే వీలు లేదు. ఆ తర్వాత అమెరికా ఎపిస్కోపల్ వారు కట్టిన సెయింట్ పాల్ చర్చి 1876లో ప్రతిష్ఠ అయింది. దాని గోడలకు మొజాయిక్ బొమ్మలు కావాలని ఆయన్ని అడిగారు. రెండవ ఆజ్ఞను గట్టిగా పట్టుకునే మన సంఘాల్లో గోడమీద వాక్యం తప్ప బొమ్మ కనబడదు. ఆ జాగ్రత్త నాకూ ఉంది. అయినా ఆయన గీసింది చూస్తే అది కూడా ఒక వ్యాఖ్యానమే అనిపిస్తుంది.

బలిపీఠం వెనుక పరలోక యెరూషలేములో సింహాసనాసీనుడైన క్రీస్తు, చుట్టూ ప్రధాన దూతలు. వారి వరుసలో ఒక చోటు ఖాళీ. అది పడిపోయిన లూసిఫరుది. ఈ భాగం 1885 క్రిస్మస్‌కు పూర్తయింది. 1894లో పూర్తయిన మరో కమానుపై క్రీస్తు సిలువ వేయబడినట్టు చేతులు చాచి నిలబడ్డాడు, కానీ అక్కడ సిలువ మాను లేదు. ఆయన వెనుక నిండుగా ఆకులు తొడిగిన జీవవృక్షం. ఒకవైపు ఆదాము, మరోవైపు బిడ్డలతో హవ్వ. ఆదికాండం మూడవ అధ్యాయాన్నీ గొల్గొతానూ ఒకే చెట్టు కింద చేర్చాడన్నమాట. ఈ ఆలోచన మీద నేను ఎన్ని ప్రసంగాలు సిద్ధపడినా ఇంత క్లుప్తంగా చెప్పలేకపోయాను.

గాజు ముక్కలు పేర్చింది వెనిస్ పనివారు. ఆయన లండన్‌లోనే ఉండి నమూనాలు, రంగుల సూచనలు పంపాడు. తన సహాయకుడు థామస్ రూక్‌ను పని చూడడానికి పంపాడు. 1873 తర్వాత ఆయన మళ్లీ ఇటలీ వెళ్లలేదు. 1898 జూన్ 17న కన్నుమూశాడు. మిగిలిన భాగాన్ని రూక్ 1907 నాటికి ముగించాడు. పాదిరి కావాలనుకుని కాలేకపోయిన ఆ మనిషి, తన చేతి గీతలతో నిండిన ఆ గుడి గోడలను ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు.